చవక పుస్తకానికి డబ్బు కట్టిందెవరు?

మా ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి గుడి ముందు, కొబ్బరికాయలూ పసుపూ కుంకాలూ అమ్మే కొట్ల వరసలో, అడ్డంగా తాళ్ళు కట్టి వాటిమీద పుస్తకాలు బట్టల్లా ఆరేసి అమ్మేవాళ్ళు. సత్యనారాయణ వ్రతకథ, సుమతీ శతకం, పంచాంగం, మా ఊరి స్థలపురాణం. సన్నటి పుస్తకాలు, ముదురు రంగు అట్టలు, మధ్యలో రెండు పిన్నులు. చాలామటుకు రాజమండ్రిలో అచ్చయినవే. శివరాత్రి తీర్థానికి ఆ తాళ్ళు రెండింతలయ్యేవి. జీవితంలో నా డబ్బుతో నేను కొన్న మొదటి పుస్తకం అక్కడిదే. వేమన పద్యాలు, రెండు రూపాయలు. తాతయ్య ఇచ్చినవి ఐదు. అంటే పుస్తకం కొన్నాక కూడా జీళ్ళకి మూడు రూపాయలు మిగిలాయి. ఆ రోజు కలిగిన ఆనందమే ఇప్పటికీ నేను పుస్తకాల దగ్గర వెతుక్కునే ఆనందం. పుస్తకమూ దక్కాలి, జీళ్ళకీ మిగలాలి.

దాచుకోవడం ఎందుకు, పుస్తకాల విషయంలో నేను పిసినారిని. కొత్త పుస్తకం నాలుగొందలంటే రెండు వారాలు ఆలోచిస్తాను. అదే ఆదివారం పొద్దున్న హైదరాబాదు ఆబిడ్స్‌లో, మూసిన షాపుల ముందు పేవ్‌మెంటు మీద, నాలుగొందలకి పది పుస్తకాలు వస్తే పదీ మోసుకొస్తాను. వాటిలో ఎన్ని చదివానని మాత్రం అడక్కండి.

కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక ఆదివారం, మెడిసిన్ ఎంట్రన్సు గైడ్ల కుప్ప కింద, అట్టలేని ఒక పాత పుస్తకం కనిపించింది. ముఖపత్రం పైసగం చిరిగిపోయింది. కింది సగంలో వెల మాత్రం మిగిలింది, 1-8-0. లోపల పద్యాలు. రెండు పేజీలు తిప్పగానే "దక్షారామ" అన్న మాట తగిలింది. శ్రీనాథుడి భీమేశ్వర పురాణం, మనవాళ్ళు భీమఖండం అంటారే, అది. మా ఊరి పుస్తకం! అరవై చెప్పాడు, నలభైకి ఇచ్చాడు. ఇంటికొచ్చి దుమ్ము దులుపుతుంటే వెనక పేజీలో ఊదారంగు సీలు కనిపించింది. ద్రాక్షారామానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి గ్రంథాలయం సీలు. పక్కన సిరాతో వేసిన నంబరు, 212.

ఆ రాత్రి పదకొండు దాకా ఆ సీలు చూస్తూ కూర్చున్నాను. మొదట గర్వం, నలభై రూపాయలకి ఎంత పట్టేశానో అని. తర్వాత ఒక ఇబ్బంది మొదలైంది. ఇది నాలుగొందల కిలోమీటర్లు దాటి ఇక్కడికి ఎలా వచ్చింది? రూపాయిన్నర పెట్టి ఆ ఊరికి దీన్ని ఎవరు కొనిపెట్టారు? నాకు నలభైకి దక్కిందంటే, మిగతా డబ్బు ఎవరు కట్టినట్టు?

ఈ వ్యాసం ఆ లెక్క తేల్చుకోవడానికి చేసిన ప్రయత్నం.

*

ముందు ఆ 1-8-0 సంగతి. తాతయ్య ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. పాత పుస్తకాల వెలలు చూపించి నాకు లెక్కలు నేర్పారు. "సున్నా ఆరు సున్నా అంటే ఎంతరా?" అని అడిగేవారు. "ఆరణాలు తాతయ్యా." మొదటి అంకె రూపాయలు, రెండోది అణాలు, మూడోది పైసలు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైసలు, మొత్తం 192 పైసలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చింది. రూపాయికి వంద "నయా పైసలు" అయ్యాయి. 1964 జూన్‌లో ఆ "నయా" కూడా పోయి ఒట్టి పైసలు మిగిలాయి. కాబట్టి సంవత్సరం చిరిగిపోయిన పుస్తకానికి కూడా వెల చూసి వయసు చెప్పొచ్చు. మూడు అంకెలుంటే సాధారణంగా 1957కి ముందుది. న.పై. అని ఉంటే ఆ ఏడేళ్ళలోది. పాత పుస్తకాలు కొనేవాళ్ళకి ఇది మొదటి పాఠం. నా భీమఖండం మొదటి తరగతిలోది.

కానీ ఈ కావ్యానికి అసలు "మొదటి వెల" అచ్చులో లేదు. శ్రీనాథుడు దీన్ని 15వ శతాబ్దంలో రాశాడు. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో మంత్రిగా ఉన్న బెండపూడి అన్నయకి అంకితమిచ్చాడు. కృతిభర్త అంటే కవిని పోషించినవాడు. అలా చూస్తే ఈ పుస్తకానికి తొలి ఖర్చు పెట్టింది ఒక మంత్రి. ఆ తర్వాత నాలుగైదు వందల ఏళ్ళు ఇది తాటాకుల మీద బతికింది. ఆకులు కోయించి, ఆరబెట్టి, సమంగా కత్తిరించి, గంటంతో గీసి, మసి పూసి, కంతలు పొడిచి తాడు కట్టాలి. ఒక్క ప్రతి కావాలంటే ఒక మనిషికి నెలల తరబడి తిండి పెట్టాలి. ఆకు పాడైతే మళ్ళీ మొదటినుంచీ. చవక ప్రతి అన్న మాటకి అప్పుడు అర్థమే లేదు.

అప్పట్లో మా ఊళ్ళో ఉచితంగా చదువుకోగలిగింది ఒక్కటే, గుడి గోడలు. భీమేశ్వరాలయం స్తంభాల మీదా గోడల మీదా వందల శాసనాలున్నాయి. అఖండదీపానికి గొర్రెలిచ్చినవాళ్ళు, భూములిచ్చినవాళ్ళు, వాళ్ళ పేర్లు, తేదీలు. 1923లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో వాటి పాఠాలు చేరాయి. చిన్నప్పుడు ఆ స్తంభాలని ఆనుకుని ప్రసాదం తిన్నాను గానీ, అవి చదవడానికి ఉన్నాయని తెలీదు.

పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో సి.పి. బ్రౌన్ వచ్చాడు. మచిలీపట్నంలో, రాజమండ్రిలో, కడపలో కంపెనీ ఉద్యోగం చేస్తూ, తన జీతంతో తాటాకు ప్రతులు కొన్నాడు. పండితుల్ని పెట్టుకుని పాఠాలు సరిచూయించాడు, లేఖకుల్ని పెట్టుకుని కాగితం మీదికి ఎత్తి రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. గుడి ముందు తాడు మీద నేను కొన్న ఆ రెండు రూపాయల వేమన వెనక, ఎంతమంది లేఖకుల జీతాలున్నాయో చూడండి. వాటికి నా లెక్కలో చోటు లేదు. ఎందుకంటే వేరేవాళ్ళు ఎప్పుడో చెల్లించేశారు.

*

అచ్చు వచ్చాక తెలుగు పుస్తకం ఊరు మారింది. మద్రాసు చేరింది. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు 1854లో అక్కడ ముద్రాక్షరశాల పెట్టి సంస్కృతాంధ్ర గ్రంథాలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. ఆ ఇంటి ప్రతులంటే పరిష్కరణకి పేరు. వాటికి ఎదురుగా ఇంకో రకం ఉండేది, గుజిలీ ప్రతి. మద్రాసులో సాయంకాలం జరిగే బజారుకి గుజిలీ అని పేరు. అక్కడ పాత సరుకుతోపాటు చవక కాగితం మీద అచ్చేసిన పాటలు, శతకాలు, కథలు, నాటకాలు అమ్మేవాళ్ళు. తప్పుల తడక, పల్చటి కాగితం, కళ్ళు చెడే అక్షరాలు. పండితులకి "గుజిలీ ప్రతి" తిట్టుతో సమానం. ఒక పాఠాన్ని కొట్టిపారెయ్యాలంటే అది గుజిలీ పాఠం అంటే చాలు.

పండితుల కోపం నాకు అర్థమవుతుంది. తప్పుల పద్యం ఒకసారి నోటికెక్కితే మళ్ళీ దిగదు. కానీ రెండో వైపూ చూడాలి. వావిళ్ళ ప్రతి పండితుడి బీరువా చేరితే, గుజిలీ ప్రతి తీర్థంలో తాడెక్కింది. పొలం పని చేసుకునేవాడు కూడా ఓ అణా పారేసి కొనుక్కోగలిగాడు. ఒకడు కొంటే అరుగు మీద పదిమంది విన్నారు. చదవడం రానివాళ్ళు కూడా పుస్తకం "విన్న" రోజులవి. నేను కొన్న రెండు రూపాయల వేమన ఆ వంశంలోదే. తర్వాత రోజుల్లో ఆ పని రాజమండ్రి అందుకుంది. కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, గొల్లపూడి వీరాస్వామి సన్ లాంటి ప్రచురణకర్తలు పెద్దబాలశిక్షలూ పురాణాలూ పంచాంగాలూ వ్రతకథలూ గోదావరి జిల్లాల ఊరూరికీ చేర్చారు. మా ఇళ్ళలో దేవుడి గూట్లో ఉండే పుస్తకాల మీద ఈ పేర్లే ఉండేవి. సాహిత్య చరిత్రల్లో మాత్రం వీళ్ళకి పెద్దగా చోటు దొరకలేదు.

*

ఇంతవరకూ చవకదనం బజారు వ్యవహారం. ఇరవయ్యో శతాబ్దంలో అది ఒక ఉద్యమమైంది. మంచి పుస్తకమే చవగ్గా ఎందుకు ఇవ్వకూడదు అని కొందరు పట్టుబట్టారు.

1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవితం. చరిత్ర, సైన్సు, ఆర్థికశాస్త్రం, అన్నీ తెలుగులోనే. చిలుకూరి వీరభద్రరావు "ఆంధ్రుల చరిత్రము" కూడా ఈ మాలలోనే వచ్చింది. వీళ్ళు పట్టుకున్న కిటుకు చందాదారులు.

ఆ కిటుకు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పాత ప్రెస్సు లెక్క కొంచెం తెలియాలి. అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో ఏరి పేర్చాలి, అది కంపోజింగు. పదహారు పేజీలు కలిపి ఒక ఫారం. ప్రూఫులు దిద్ది ఫారాన్ని మిషనెక్కించేదాకా అయ్యే ఖర్చు, ఐదొందల కాపీలు వేసినా ఒకటే, రెండు వేలు వేసినా ఒకటే. కాపీలు పెరిగితే పెరిగేది కాగితం, సిరా, బైండింగు ఖర్చే. కాబట్టి వెయ్యిమంది కొంటారని ముందే తెలిస్తే ఒక్కో ప్రతి వెల దిగుతుంది. తెలియకపోతే ప్రచురణకర్త భయంతో తక్కువ కాపీలు వేస్తాడు, వెల పెంచుతాడు, దాంతో కొనేవాళ్ళు ఇంకా తగ్గుతారు. చందాదారుడు పుస్తకం చూడకుండానే మాట ఇచ్చి ఆ భయాన్ని తీస్తాడు. చవక వెల వెనకున్నది వాళ్ళ నమ్మకం. ఇవాళ తెలుగు పుస్తకం ఐదొందల కాపీలు వేయడానికి జంకుతూ, ముందస్తు ఆర్డర్ల కోసం పోస్టులు పెట్టే మిత్రుల్ని చూస్తే నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

ఇంకొకరు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. ఆ ఆదాయంతో ఆంధ్రపత్రిక నడిపారు, భారతి నడిపారు, 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలుపెట్టి ప్రాచీన కావ్యాల్నీ కొత్త పుస్తకాల్నీ మామూలు మనిషి కొనగలిగే వెలకి ఇచ్చారు. అంటే దేశంలో ఎవరికో తలనొప్పి వస్తే, దాని పుణ్యాన తెలుగువాడికి పుస్తకం చవగ్గా దొరికింది. ఇంత సూటిగా లెక్క తేలే ఉదాహరణ నాకు మరొకటి దొరకలేదు.

అమృతాంజనం లేని రచయితల పాట్లు వేరు. మా వైపు పొలమూరులో 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి తన పుస్తకాలు తానే అచ్చేసుకుని, తానే అమ్ముకున్నారు. వైదిక కుటుంబంలో పుట్టి, ఇంటివాళ్ళకి ఇష్టం లేకపోయినా తెలుగు రచన వైపు తిరిగిన మనిషి. ఆయన ఆత్మకథ "అనుభవాలూ - జ్ఞాపకాలూనూ" చదివాక, రచయిత దగ్గర నేరుగా కొంటూ "ఏమైనా తగ్గిస్తారా?" అని అడగడం మానేశాను. పిసినారికి కూడా ఒక హద్దుండాలి కదా.

*

అసలు కొనక్కర్లేకుండా చదివించొచ్చు అన్నవాళ్ళు గ్రంథాలయోద్యమం వాళ్ళు. ఆ ఉద్యమానికి పెద్ద దిక్కు అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది కూడా మా జిల్లాలోనే, 1890లో, కొంకుదురులో. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడటంలో ఆయనది ముఖ్యపాత్ర. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిపించారు. ఇప్పటికీ గ్రంథాలయ వారోత్సవాలు ఆ తేదీనే మొదలవుతాయి. ఆ రోజుల్లో ఊరికో గ్రంథాలయం లేచింది. పెద్ద భవనాలేం కావు. ఎవరో ఒక గది ఇస్తారు, ఇంకెవరో బీరువా ఇస్తారు, పెళ్ళిళ్ళప్పుడు చందా అడుగుతారు, కుర్రాళ్ళు వంతులేసుకుని తాళం తీస్తారు. 1930లలో పాతూరి నాగభూషణం కృష్ణా కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ రేవులో ఆగుతుంది, ఊరివాళ్ళు పుస్తకం తీసుకుంటారు. మా గోదావరి డెల్టావాళ్ళకి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. కోటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూసినవాళ్ళమే కదా అందరం.

నా పుస్తకం మీది సీలు అలాంటి ఒక గదిది. రూపాయి ఎనిమిదణాలు కట్టింది ఆ ఊరు. 212 అన్న నంబరు చూస్తే, అంతకు ముందు 211 సార్లు ఆ ఊరు చెయ్యి జేబులో పెట్టిందన్నమాట.

1960లో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కూడా కడతాం, రూపాయికి 8 పైసలు. అంటే ఊళ్ళో ఇల్లున్న ప్రతివాళ్ళూ, చదివినా చదవకపోయినా, ఏటా కొంచెం పుస్తకం కొంటున్నారు. పిసినారిగా నా సలహా ఒకటే. ఆల్రెడీ డబ్బు కట్టిన పుస్తకం కన్నా చవకైంది లేదు. దగ్గర్లో శాఖా గ్రంథాలయం ఉంటే వెళ్ళండి. వెళ్ళేవాళ్ళు లేరన్న మాటతోనే చాలా గదులకి తాళాలు పడ్డాయి.

*

నేను పుట్టే నాటికి చవక పుస్తకం ఇంకో రెండు వేషాలు వేసింది. ఒకటి పాకెట్ బుక్కు. ఎం. శేషాచలం అండ్ కో వాళ్ళు ఎమెస్కో పేరుతో చొక్కా జేబులో పట్టే సైజులో నవలలు తెచ్చారు. "ఇంటింటా గ్రంథాలయం" అని చందా పథకం పెట్టి పోస్టులో ఇంటికి పంపారు. విజ్ఞానచంద్రికవాళ్ళ కిటుకే, సరుకు మారింది. అలాగని ఒట్టి నవలలే కాదు, "సంప్రదాయ సాహితి" అని ప్రబంధాల్ని కూడా అదే చేత్తో అదే సైజులో ఇచ్చారు. మా అమ్మమ్మకి అవి కొనే అవసరం కూడా లేకపోయింది. వీధి చివర అద్దె పుస్తకాల కొట్టుండేది. రోజుకి అర్ధరూపాయి. ఒక్కరోజులో నవల అయిపోవాలని వంటింట్లో ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పుస్తకం. ఆవిడే మా ఇంట్లో అసలైన పొదుపు పాఠకురాలు.

రెండోది సోవియట్ పుస్తకం. మాస్కో ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ. గట్టి అట్ట, తెల్లటి కాగితం, రంగురంగుల బొమ్మలు. వెల మాత్రం ఇక్కడి పల్చటి పుస్తకాలతో పోటీ. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు లాంటివాళ్ళు మాస్కోలో కూర్చుని తెలుగు చేస్తే, విశాలాంధ్ర వాళ్ళు ఇక్కడ అమ్మారు. కొన్నవాళ్ళందరూ కమ్యూనిస్టులేం కాదు. పిల్లాడికి బొమ్మల పుస్తకం చవగ్గా వస్తోందని కొన్నవాళ్ళే ఎక్కువ. ఆ వెల కట్టింది ఒక ప్రభుత్వం, దానికి తన కారణాలు దానికున్నాయి. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఇప్పుడు పాత పుస్తకాల కొట్లలో అదే పుస్తకానికి పదింతలు అడుగుతున్నారు. డబ్బు కట్టేవాడు పోయాక వెల అసలు రూపం చూపించింది.

ఇక కంప్యూటర్ల కాలంలో, రాజ్ రెడ్డి లాంటివాళ్ళు పూనుకున్న పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు వల్లా, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్లా, వేల తెలుగు పుస్తకాలు ఉచితంగా ఫోన్లోకొచ్చాయి. వాటిలో చాలా పేజీల మీద కూడా ఏదో ఒక గ్రంథాలయం సీలుంటుంది. గమనించండి.

*

మంత్రి, లేఖకుడు, చందాదారుడు, అమృతాంజనం, ఊరు, సోవియట్ దేశం. ఇక మిగిలింది సెకండ్‌హ్యాండ్ పుస్తకం. దానికి డబ్బు కట్టిందెవరు?

పాత పుస్తకాల బజార్ల మీద ఎంతైనా రాయొచ్చు. మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ ఉండేది. అక్కడున్న తెలుగు రచయితలకి అదో యాత్రాస్థలం. 1985 మే 30న తగలబడిపోయింది. బెజవాడలో లెనిన్ సెంటర్ ఉంది. హైదరాబాదులో కోఠి, ఆబిడ్స్ ఉన్నాయి. అన్నిచోట్లా పుస్తకం వచ్చే దారి ఒకటే. చదివే మనిషి పోతాడు. పిల్లలు ఊళ్ళో ఉండరు. ఇల్లు అమ్మాలి, లేదా రంగులేయించాలి. పాత పేపర్లవాడు తక్కెడ తెస్తాడు.

ఇది నాకు ఎలా తెలుసంటే, మా ఇంట్లో జరిగింది కాబట్టి. తాతయ్య పోయిన ఏడాదికి బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, తాతయ్య పుస్తకాలకి చెద పడుతోందిరా. నువ్వొచ్చి తీసుకెళ్తావా, ఏం చెయ్యమంటావ్?" అప్పుడు నేను హైదరాబాదులో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉంటున్నాను. ఆఫీసులో ఏదో హడావిడి. "నాకెక్కడ చోటుంది బాబాయ్, ఇచ్చెయ్యి" అన్నాను. కిలో ఎనిమిది రూపాయల చొప్పున ఎనభై కిలోలయ్యాయట. ఆ డబ్బుతో గుళ్ళో తాతయ్య పేరున అర్చన చేయించామని బాబాయి చెప్పాడు. తాతయ్య ప్రతి పుస్తకం మొదటి పేజీలో పేరు, తేదీ, కొన్న ఊరు, ఇచ్చిన వెల రాసుకునేవారు. వెల కింద గీత గీసేవారు, గీసి బేరమాడి తగ్గించింది ఎంతో కూడా రాసేవారు.

అప్పట్నుంచి పాత పుస్తకం ఏది తీసినా ముందు మొదటి పేజీ చూస్తాను. ఆ రాత కోసం. ఇప్పటిదాకా కనిపించలేదు. ఎవరో నాలాంటి పిసినారి దగ్గర ఉండే ఉంటాయి. వెల కింద గీత చూసి, "భలే చవగ్గా కొట్టేశాడే ముసలాయన" అనుకుని ఉంటారు.

మొన్న శివరాత్రికి ఊరెళ్ళినప్పుడు ఆ భీమఖండం తీసుకెళ్ళాను. సీలు మీదున్న ఊరికి బండి మీద పావుగంట. గ్రంథాలయం గది ఉంది, బోర్డు లేదు, లోపల ధాన్యం బస్తాలున్నాయి. ఎదురింటి అరుగు మీద ఇద్దరు పెద్దాళ్ళు ఒకే పేపరు పంచుకుని చదువుతున్నారు. పుస్తకం చూపించాను. ఒకాయన కళ్ళజోడు సర్దుకుని సీలు చూసి, "ఇది మాదేనండి" అన్నారు. కొంచెం ఆగి, "ఎంతకిచ్చాడండి మీకు?" అన్నారు.

"నలభై రూపాయలండి."

"అయ్ బాబోయ్! మాకు కిలో నాలుగు రూపాయలే ఇచ్చాడండీ" అని నవ్వారు. పక్కాయన కూడా నవ్వారు. నాకు ఏం చెయ్యాలో తోచక, ఉంచేసుకోండి అన్నాను. ఆయన పుస్తకాన్ని కాసేపు అలా పట్టుకున్నారు, ఒకట్రెండు పేజీలు తిప్పారు, మళ్ళీ నా చేతిలో పెట్టారు.

"ఇక్కడెవరు చూస్తారండి, బస్తాల్లో పడేస్తాం. మీ దగ్గరే ఉంచండి. చదువుతారు కదండీ?"

చదువుతానండి అన్నాను. అది అబద్ధం. కొన్న రోజు సీలు తప్ప నేనేం చదవలేదు. చవగ్గా దొరికిందన్న సంతోషంలో చదివేసినట్టే అనిపించింది. నా అరలో ఉన్నవాటిలో సగం అలాంటివే.

ఇంతమంది డబ్బు కట్టాక, నా వంతు కట్టాల్సింది నలభై రూపాయలు కాదని ఆ అరుగు దగ్గర అర్థమైంది. తిరిగొచ్చాక మొదలుపెట్టాను. పక్కన నిఘంటువు పెట్టుకుని, రోజుకి నాలుగైదు పద్యాలు. కొన్ని కొరుకుడు పడవు, వదిలేసి ముందుకెళ్తాను. ఇప్పుడు వ్యాసుడి కథలో ఉన్నాను. కాశీలో భిక్ష పుట్టక, కోపం పట్టలేక, కాశీ వదిలి వెళ్ళాల్సొచ్చిన వ్యాసుడు దక్షారామం దారి పట్టాడు. ఇంకా మా ఊరు చేరలేదు.

మొదటి పేజీలో తాతయ్యలాగే నా పేరు, తేదీ, ఆబిడ్స్, నలభై రూపాయలు అని రాశాను. సీలుని మాత్రం అలాగే ఉంచాను. వెల కింద గీత ఇంకా గీయలేదు. పుస్తకం పూర్తయ్యాక గీస్తాను.